సంతకం చేసి పెట్టిన కాగితాలు

మా పాప పడుకుంది. పడుకున్నాక కూడా రెండుసార్లు లేచి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. ఒళ్లు చల్లగానే ఉంది. దానికి నాలుగేళ్లు నిండాయి, డాక్టరు ఇక భయం లేదన్నాడు, అయినా నాకీ అలవాటు పోలేదు. అది నిద్రపోతే తప్ప నాకు రాసుకునే తీరిక దొరకదు. చాలా రోజులుగా ఒక కాగితం సంగతి రాయాలనుకుంటున్నాను. ఆ కాగితం ఈ పిల్ల కోసమే బయటికి తీశాను.

మా బాపు పదమూడేళ్లు ఎంపీగా ఉన్నాడు. మొన్నటి ఎన్నికల్లో ఓడిపోయాడు.

అంతకుముందు ఆయన జనగామ కోర్టులో వకీలు. పెద్ద ప్రాక్టీసేమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పొలం గెట్టు తగాదాలతో వచ్చేవాళ్లు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం లేచినప్పుడు నాకు పదేళ్లు. బడి మూసేశారు. మాకు సంబరం. బాపు నల్లకోటు గోడకు తగిలించి రోడ్డు మీదికి వెళ్లాడు. ఆయన గొంతు అంత పెద్దదని మా అమ్మకు కూడా అప్పటిదాకా తెలియదు. ఒకరోజు ఊరేగింపులో లాఠీలు లేచాయి. అందరూ చెల్లాచెదురయ్యారు. ముందు వరసలో జెండా పట్టుకున్న దేవరుప్పుల కుర్రాడికి మోకాలి చిప్ప పగిలింది. పంతొమ్మిదేళ్లవాడు. అతన్ని ఎడ్లబండిలో మా ఇంటి ముందు నుంచే తీసుకుపోయారు. ఆ సాయంత్రమే బాపును జైలుకు పట్టుకుపోయారు. రెండు నెలలున్నాడు. తిరిగి వచ్చేసరికి ఆయన మా బాపు మాత్రమే కాదు, ఊళ్లో అందరికీ ఏదో ఒకటి అయిపోయాడు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. నిలబడ్డాడు, గెలిచాడు. ఇంటి ముందు డప్పులు మోగాయి. ఢిల్లీ వెళ్లేటప్పుడు అమ్మ మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టి ఇచ్చింది. కొన్ని నెలలకే ఆయన గెలిచిన పార్టీ ఢిల్లీలో పెద్ద పార్టీలో కలిసిపోయింది. ప్రత్యేక రాష్ట్రం రాలేదు. ఆ వార్త వచ్చిన వారం మా ఇంటి వాకిట్లోకి ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజు ఒకాయన వచ్చాడు. కొడుక్కి హాస్టల్ సీటు కావాలట. బాపు ఉత్తరం రాసిచ్చాడు. ఆ తర్వాత జనం రావడం మళ్లీ మొదలైంది.

ఒక వేసవిలో మమ్మల్ని ఢిల్లీ తీసుకెళ్లాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి సభలో తెలుగులో మాట్లాడాల్సింది పైకి చదువుకునేవాడు. "వచ్చినం, పోయినం" అనే మనిషి "వచ్చాము, వెళ్లాము" అని నేర్చుకుంటున్నాడు. కోస్తా నుంచి వచ్చిన మరో సభ్యుడు పక్క క్వార్టర్లోనే ఉండేవాడు. మంచివాడే, మాకు బత్తాయిలు పంపేవాడు. కాని బాపు కనపడగానే "గిట్లెట్ల, గట్లెట్ల, ఏంది సంగతి?" అని మా మాటను సాగదీసి నవ్వేవాడు. బాపు కూడా నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చిన్నదాన్ని, ఎందుకో తెలియలేదు. ఆ పదమూడేళ్లలో బాపు చేసిన పనుల్లో ఆయన గర్వంగా చెప్పుకునేది ఒక్కటే. మా వైపు ఒక చిన్న స్టేషన్లో ప్యాసింజరు బండి ఆగేలా చేశాడు. రెండు నిమిషాలు ఆగుతుంది. ఇప్పటికీ ఆగుతుంది.

ఇక ఆ కాగితాల సంగతి.

సభ జరిగే రోజుల్లో బాపు ఢిల్లీలో ఉండేవాడు. సభ ఎప్పుడో, సెలవులెప్పుడో ఊళ్లవాళ్లకు తెలియదు. బచ్చన్నపేట నుంచి నడిచి వచ్చిన మనిషిని "సార్ లేడు, నెల పడ్తది" అని పంపడం కష్టం. అందుకని బాపు వెళ్లే ముందు తన లెటర్‌ప్యాడ్‌లో ఇరవై ముప్పై కాగితాలు తీసి అడుగున సంతకం చేసి అలమారలో పెట్టి వెళ్లేవాడు. పైన రాయాల్సింది నేను. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంగ్లీషు చేతిరాత బాగుందని ఆ పని నాకు వచ్చింది. ఈ ఉత్తరం తెచ్చినవారు నాకు స్వయంగా తెలుసు, యోగ్యులు, వీరి విన్నపాన్ని సానుభూతితో పరిశీలించగలరు అని రాసేదాన్ని. పేరు, ఊరు, పని మారేవి. మిగతాదంతా అదే. డిగ్రీ పూర్తయ్యేదాకా, అంటే ఐదేళ్లు రాశాను. చదువుకున్నదాన్ని, బాపు ప్రజలకు చేస్తున్న మేలులో నాదీ ఒక చెయ్యి ఉందనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే అది నాకు పరీక్ష మార్కుల కంటే ఎక్కువ గర్వంగా ఉండేది.

ఆ రోజుల్లోనే దేవరుప్పుల అవ్వ వచ్చింది. మోకాలు పగిలిన కుర్రాడి తల్లి. కాలు వంగదు, పొలం పని చేయలేడు, బళ్లో అటెండర్ పోస్టు ఇప్పించమని అడిగింది. కొంగులో కందికాయలు తెచ్చింది.

"అవ్వా, బాపు లేడు. నేను రాసిస్త" అన్నాను.

"నువ్వు రాస్తే అయితదా బిడ్డా?"

"సంతకం బాపుదే. చూడు."

ఆమెకు చదువు రాదు. అయినా వంగి ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. "గంతే. మా సారు సంతకమే" అంది. నేను రాసింది పైకి చదివి వినిపించాను. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా కొడుకు పేరు వచ్చినచోట తల ఊపింది. మళ్లీ ఏడాది వచ్చింది. పని కాలేదంది. మరొకటి రాసిచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు నాకే సిగ్గనిపించి, ఇంగ్లీషు అధ్యాపకురాలిని అడిగి నేర్చుకున్న రెండు గట్టి మాటలు చేర్చాను. "ఈసారి అయితది అవ్వా" అన్నాను. ఆమె నా తల నిమిరి వెళ్లింది. నాలుగోసారి రాలేదు. పని అయిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండింది.

నాకు మానుకోటలో పెళ్లి సంబంధం కుదిరింది. మామగారిది మిర్చి, పప్పుల టోకు దుకాణం. మా ఆయన మాత్రం లెక్కల టీచరు. ఆయన పనిచేసేది భూపాలపల్లిలో. పెళ్లి ట్రంకుపెట్టెలో కాలేజీ నోట్సులన్నీ సర్దుకుని వెళ్లాను. వాటి మధ్య బాపు సంతకం చేసిన కాగితం ఒకటి మిగిలిపోయి వచ్చింది. చూసుకుని నవ్వుకున్నాను, మళ్లీ అక్కడే పెట్టాను.

భూపాలపల్లి అప్పట్లో అడవి అంచున ఉన్న ఊరు. వరంగల్‌కు పొద్దున ఒక బస్సు, మధ్యాహ్నం ఒకటి. వానాకాలం దారిలో వాగు పొంగితే అవీ ఉండవు. మా పాపకు తొమ్మిదో నెలలో జ్వరం వచ్చింది. తడిగుడ్డ వేస్తున్నాను, చేతిలోనే కళ్లు తేలేసింది. చేతులు, కాళ్లు కొట్టుకున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. ఎంతసేపో నాకు తెలియదు. ఊళ్లో సూదులేసే కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు. అతను కూడా చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. వాగు పక్క రెండు గంటలు నిలబడి నీళ్లు తగ్గాక దాటాం. వరంగల్ డాక్టరు, జ్వరం వచ్చినప్పుడల్లా ఫిట్స్ రావచ్చు, ఐదేళ్లు వచ్చేదాకా ఆస్పత్రికి దగ్గరలో ఉండండి అన్నాడు. దగ్గరలో అన్న ఆ ఒక్క మాటే నాకు మిగిలింది. ఆ తర్వాత నేను రాత్రులు దాని ఊపిరి వింటూ పడుకునేదాన్ని.

మానుకోటకు బదిలీ అయితే చాలు. అక్కడ అత్తామామలున్నారు, రైలుంది, పిల్లల డాక్టరున్నాడు. మా ఆయన రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు, జవాబు రాలేదు. బాపును అడిగాను.

"ఇంటోళ్లకు రాయనని నీకెరికే గద బిడ్డా" అన్నాడు. "అల్లునికి రాసిచ్చిండని ఒక్కడన్నా, ఊళ్లె నా మొహం చెల్లదు. జర ఓపిక వట్టు."

మరుసటి ఏడు మే నెల వచ్చింది. ఇంకో నెలకు వానలు మొదలవుతాయి. నాకు వాగు కలలోకి వస్తోంది. ట్రంకుపెట్టె తెరిచాను. కాగితం కొంచెం పసుపెక్కింది, సంతకం మాత్రం నల్లగా అలాగే ఉంది. మా ఆయన బడికి వెళ్లాక పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని రాశాను. ఈ ఉత్తరం తెచ్చినవారు నాకు స్వయంగా తెలుసు. మొదటిసారి ఆ మాట నిజమైంది. పాపను డాక్టరుకు చూపిస్తానని మా ఆయనతో చెప్పి వరంగల్ బస్సెక్కాను. చూపించాను కూడా. తర్వాత బదిలీలు చూసే ఆఫీసుకు వెళ్లాను.

అక్కడి హెడ్ క్లర్కు మా జనగామ మనిషే, మా వాడకట్టులోనే ఇల్లు. నన్ను చూడగానే కుర్చీ జరిపాడు. కాగితం అందుకున్నాడు. పైనుంచి చదవలేదు. ముందు అడుగున చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"బాపు ఇచ్చిండా బిడ్డా, నువ్వే తెచ్చుకున్నవా?"

"బాపే ఇచ్చిండు." అబద్ధం చెప్పాను.

"అయితే మీ బాపుకు మనసు లేనట్టున్నది. గీత లేదు గద."

"ఏం గీత?"

నేను వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వాడు. నా ముఖం చూసి ఆపాడు. లేచి వెళ్లి బీరువాలోంచి ఒక పలచని ఫైలు, దారంతో కట్టిన ఒక పెద్ద కట్ట తెచ్చాడు. ఫైల్లోని ఉత్తరాల మీద బాపు సంతకం కింద అడ్డంగా చిన్న గీత ఉంది. పెన్ను ఎత్తకుండా కొట్టినట్టు, వేలెడంత. కట్టలోని ఉత్తరాల మీద అదే సంతకం, గీత లేదు.

"గీత ఉంటే సాబు టేబుల్ మీదికి పోతది. లేకుంటే గీ కట్టలకు. మీ బాపు తొలినాడే జెప్పిండు, గీత లేనియి ఊకె పంపినయి, పక్కకు పెట్టుండ్రని. జిల్లల అన్ని ఆఫీసులకు ఎరికే. నీకెరుక లేదా? రాసింది నువ్వే గద!"

కట్టలో ఉన్నదంతా నా చేతిరాతే. అడుగున గుండ్రటి పిల్ల అక్షరాలు, పైకి వచ్చేకొద్దీ కలిపిరాత. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా నా వయసంతా ఆ దారంలో కట్టి ఉంది. దేవరుప్పుల ఉత్తరాల కోసం వెతకలేదు. వెతికితే మూడూ దొరుకుతాయని తెలుసు.

"పోనీ, కట్టల పెట్టాల్నా?" అన్నాడు ఆయన మెల్లగా.

"వద్దు. ఇటియ్యుండ్రి" అన్నాను.

భూపాలపల్లి బస్సెక్కలేదు. జనగామ బస్సెక్కాను. బాపు ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం, జనం వెళ్లిపోయారు. మంచం మీద పేపరు చదువుతున్నాడు.

"ఏంది బిడ్డా, చెప్పకుంట వచ్చినవ్? పోరి మంచిగున్నదా?"

పేపరు మీద ఆ కాగితం పెట్టాను. ఆయనా ముందు అడుగునే చూశాడు.

"గీత సంగతి ఎవలు జెప్పిండ్రు?"

తిడతాడనుకున్నాను, దొంగతనంగా ఎందుకు రాశావంటాడనుకున్నాను. ఆయన మొదట అడిగింది ఇది. దాంతో నాకు కోపం వచ్చింది.

"ఐదేండ్లు నాతోని రాయిచ్చినవ్. ఒక్కటన్న పనికొచ్చిందా బాపూ?"

"నీ చేతుల గీత పెడ్తే నువ్వు అందరికి ఇస్తవ్ బిడ్డా. నెలకు పది పనులు అయితయి. పదకొండోది పంపిన్నంటే ఆ పది గూడ కావు. ఇంటి ముంగట నూరుమంది నిలవడ్తరు. ఉత్తచేతులతోని పంపుమంటవా?"

"ఉత్తచేతులతోనే పంపినం గద. కాయితం పెట్టి పంపినం."

బాపు ఆ కాగితాన్ని లోపలే ఉంచి పేపరు మడిచాడు.

"దేవరుప్పుల అవ్వ మూడుసార్లు వచ్చింది. అయితది అవ్వా అని నేనే జెప్పిన. మోకాలు పలిగిన పిలగాని తల్లి. నీ ఎనుక జెండ పట్టుకొని నడిచినోడు."

అతని పేరు నేను చెప్పక ముందే బాపు చెప్పాడు. మరిచిపోలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. తర్వాత తనే మొదలుపెట్టాడు. ఢిల్లీ గురించి ఆయన అలా మాట్లాడటం అదే మొదటిసారి.

"పార్టీని కలిపేసిన నాడు మమ్ములందర్ని ఒక అర్రల కూసోవెట్టిండ్రు. కాయితం ముందే టైపు కొట్టి ఉన్నది. సంతకం పెట్టుమన్నరు. నా కంటె పెద్దపెద్దోళ్లు పెట్టిండ్రు. నేను గూడ పెట్టిన. ఇంటికొచ్చి ఈ జనానికి ఏం జెప్పాల్నో తెలువలే. ఎవలు గూడ అడుగలే. అడిగి తిట్టినా అయిపోతుండె. వచ్చి హాస్టల్ సీటడిగిండ్రు, నౌకరి అడిగిండ్రు. అంత పెద్దదానికి మోసం జేసినోన్ని, గింత చిన్నదానికి గూడ లేదని ఎట్ల జెప్పాలె? అప్పటిసంది ఎవ్వలకు లేదని చెప్పనీకి నాకు నోరు రాదు."

"నాకు చెప్పినవ్ గద."

"నీకొక్కదానికే చెప్పిన" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే వచ్చింది. "చాలు చాలు, తండ్రీబిడ్డలు తత్వం జెప్పుకోకుండ్రి. ఆడ పోరికి ఫిట్సొస్తున్నయి. నీ నియమం కోసుకొని కూరొండుకుంటవా ఏంది? రాయి!"

బాపు లెటర్‌ప్యాడ్ తీసుకున్నాడు. తనే తెలుగులో రాశాడు, ఇంగ్లీషులో కాదు. అల్లుడు అని కూడా రాశాడు. సంతకం చేసి కింద గీత కొట్టాడు. నేను చెయ్యి చాపలేదు.

"అవ్వ కొడుక్కు గూడ రాయి."

"అప్పుడు పంతొమ్మిదేండ్లోడు. ఇప్పుడు ముప్పై దాటినయి. వయసు మీరింది బిడ్డా, కాదు."

"అయినా రాయి."

రాశాడు. గీత కొట్టాడు. రెండు ఉత్తరాలూ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. వానల కంటే ముందే మా ఆయనకు మానుకోటకు బదిలీ ఉత్తరువు వచ్చింది. రెండోది వయసు మీరినందున పరిశీలించలేమన్న జవాబుతో బాపుకు తిరిగి వచ్చింది. మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, మూడో రోజు సామాను కట్టడం మొదలుపెట్టాడు. ఆ శ్రావణంలో పాపకు మళ్లీ జ్వరం, మళ్లీ ఫిట్స్ వచ్చాయి. పదిహేను నిమిషాల్లో డాక్టరు బల్ల మీద ఉంది. భూపాలపల్లి దారిలో వాగు ఆ వారమంతా పొంగిందని తర్వాత తెలిసింది. కాబట్టి ఆ ఉత్తరం తీసుకోకుండా ఉండాల్సిందని నేను రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది.

గీత సంగతి ఎలాగో ఊళ్లకు పొక్కింది. చివరి రెండేళ్లు జనం బాపు దగ్గరికి వచ్చి "సారూ, గీత కొట్టియ్యి" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన లేదనలేడు కదా, అందరికీ కొట్టాడు. దాంతో ఆఫీసుల్లో గీతను చూడటం కూడా మానేశారు. ఎన్నికల్లో ఓడినందుకు నూరు కారణాలు చెప్పారు. నాకు మాత్రం ఇదే గుర్తొచ్చింది.

ఆయన ఓడిన తర్వాతి నెల పాపతో జనగామ వెళ్లాను. ఇంటి ముందు ఎవరూ లేరు. బాపు అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆ ఖాళీ అరుగు చూశాక మర్నాడు నేను దేవరుప్పుల బస్సెక్కాను. ఎందుకు వెళ్తున్నావని అమ్మ అడిగితే చెప్పలేకపోయాను.

రోడ్డు పక్కనే వాళ్ల ఇల్లు. ముందు సైకిల్ రిపేరు కొట్టం. కొడుకు ఒక కాలు నేరుగా చాపి కూర్చుని ట్యూబును నీళ్లలో ముంచి చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. అవ్వ గుర్తుపట్టింది. గడపలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. పక్కన చాప జరిపింది. నేను ఎక్కడా ఆగకుండా అంతా చెప్పేశాను. గీత సంగతి, కట్ట సంగతి, మూడు ఉత్తరాలూ చేరీ చేరనట్టే అయిన సంగతి.

అవ్వ ఒలవడం ఆపలేదు.

"నాకు తెల్వక రాసిన అవ్వా" అన్నాను.

"నీకు తెల్వది" అంది. ఇంకో కాయ ఒలిచి, "మరి నువ్వు భూపాలపల్లి నుంచి ఎట్లొచ్చినవ్ బిడ్డా? మీ ఆయనకు మానుకోటకయిందని జనగామల అన్నరు. ఆ కాయితానికి గీత ఉండెనా?" అని అడిగింది.

"ఉండె."

కొట్టంలో నీళ్ల చప్పుడు ఆగింది. కొడుకు తల ఎత్తి నా వైపు చూశాడు. అప్పుడు గుర్తుపట్టినట్టున్నాడు. మళ్లీ ట్యూబు నీళ్లలో పెట్టాడు.

అవ్వ పాప వైపు చూసింది. "జరమొస్తే కండ్లు తేలేసేది ఈ పోరేనా?"

"ఔ."

"ఇప్పుడు?"

"రెండేండ్ల సంది రాలే."

అవ్వ గుప్పెడు కందిగింజలు పాప గౌను జేబులో పోసింది. నా తల మాత్రం నిమరలేదు. "ఇప్పుడొచ్చే బస్సు పోతె ఇంకొకటి పొద్దుమీకి గాని లేదు" అంది. "గిదే ఎక్కి పోరాదూ? పోరిని ఎండల తిప్పకు."